నేను వేయని ఎరువు

నా లిల్లీ తోటకి నేను వేయని ఎరువు వేశానని రాసి, ఆ రాత పక్కన నా బొమ్మ వేసి, ఆ బోర్డు తెచ్చి నా గట్టు మీదే పాతారు. దాన్ని చదివి మా ఊళ్లో ఒక మనిషి తన ముప్పై సెంట్ల లిల్లీ పాడు చేసుకుంది. జరిగిన అన్యాయం ఇది. దీనికి ముందూ వెనకా చాలా ఉంది గానీ, ఈ రెండు ముక్కలూ ముందే రాసిపెడుతున్నా. ఎందుకంటే ఇన్నాళ్లూ నేను ఎక్కడికి వెళ్లి మొరపెట్టుకున్నా, "మొదట్నుంచీ చెప్పు పెద్దాయనా" అని కుర్చీ చూపించి, నేను మొదట్నుంచీ చెప్పి అసలు సంగతి దగ్గరికొచ్చేసరికి ఫోనెత్తుకుని బయటికి పోయినవాళ్లే అందరూ.

పాతింది ఒక ఎరువుల కంపెనీ. పేరు రాయను. రాస్తే వాళ్లకి అదో ప్రచారం. నా మొహంతో చేసుకున్న ప్రచారం చాలు.

మాది జగ్గయ్యపేటకీ నందిగామకీ మధ్య, హైవే దిగి లోపలికొస్తే తగిలే మెట్ట ఊరు. పత్తి, మిరప, కాలవ నీళ్లందే పల్లంలో వరి. ఈ మూడూ కాక నాలుగోది పండుతుందంటే నవ్వే ఊరు. అక్కడ నాకు అరెకరం లిల్లీ ఉంది. లిల్లీని మీరు దండల్లో చూస్తూనే ఉంటారు, సన్నగా గొట్టంలా ఉండి కొసన విచ్చుకునే తెల్ల పువ్వు, సాయంత్రమయ్యేసరికి ఇల్లంతా వాసన కొట్టేది. దండల్లోకి పోయేది ఒంటిరెక్క రకం. దాన్ని పువ్వు పువ్వుగా గిల్లి తూకానికి వేస్తారు. నాది ముద్ద రకం. దీన్ని గిల్లరు. కింద రెండు మొగ్గలు విచ్చుకోగానే నడుమెత్తు కాడని కాడగానే కోసి, కట్టలు కట్టి, డ్రమ్ములో నీళ్లు పోసి నిలబెట్టి పంపాలి. పెళ్లి స్టేజీకి రెండు పక్కలా తలెత్తుకుని నిలబడేవి అవే.

పువ్వు అమ్మేవాడికి పువ్వు చాలు. కాడ అమ్మేవాడికి కాడ కావాలి. నందిగామలో నా దగ్గర తీసుకునే డెకరేషన్ ఆయన ఉన్నాడు. ఆయన కట్ట విప్పి కొలతలు చూడడు. ఒక కాడ లాగి, కింద కొసన రెండు వేళ్లతో పట్టుకుని, చెయ్యి అడ్డంగా చాపుతాడు. తల బెత్తెడు వంగితే సరే, లోపల పెట్టమంటాడు. జానెడు వేలాడితే కట్టకి కట్ట పక్కకి నెట్టి, "ఇవి స్టేజీ మీద నిద్రపోతాయి బాబాయ్, దండలవాళ్లకి ఇచ్చుకో" అంటాడు.

ఆ బెత్తెడుకీ జానెడుకీ మధ్య ఉన్నదంతా ఎరువే. ఈ మాట నేను పదేళ్లుగా చెబుతున్నా.

పత్తీ మిరపా మా వాళ్ల కంటికి ఒకటే నేర్పాయి, ఆకు నల్లబడాలి. ఆకుపచ్చ ముదిరి నల్లగా కనబడితే చాలు, బండాపి మరీ చూస్తారు. "చేను నల్లగా ఉందిరా" అంటే మా ఊళ్లో అంతకు మించిన పొగడ్త లేదు. లిల్లీకి ఆ కన్ను పనికిరాదు. లిల్లీ ఆకు నల్లబడిందంటే యూరియా ఎక్కువైందని. కాడ నిగనిగలాడుతూ లేస్తుంది, నాది పొడుగా నీది పొడుగా అన్నట్టు లేస్తుంది, కానీ లోపల నీళ్లే. మొగ్గలు బరువెక్కేదాకా ఏమీ తెలియదు. తర్వాత ఒక చిన్న గాలి చాలు.

నేనేం వేస్తానో రాస్తున్నా. బోర్డు మీద రాయాల్సింది ఇదీ. కొత్తగా దుంపలు వేసే చెక్కలో చైత్రంలో మంద పెట్టిస్తా. అంటే కాపర్లని పిలిచి వాళ్ల గొర్రెల్ని నాలుగైదు రోజులు ఆ చెక్కలోనే ఆపిస్తా. పెంటికలూ ఉచ్చా నేలలోకి దిగాక దున్నించి, ఆఖరి దుక్కిలో బాగా మాగిన దిబ్బ ఎరువూ సూపర్ ఫాస్ఫేటూ వేస్తా. సాళ్లలో వేపపిండి చల్లి దాని మీద దుంపలు పెట్టిస్తా. ఆకు జానెడు లేచినప్పుడు కాస్త యూరియా, ఒక్కసారి. యూరియా ముట్టనని గొప్పలు చెప్పే రకం కాదు నేను. కానీ పొట్టలోంచి కాడ తల పెట్టే వేళకి దాని పేరెత్తను. అప్పుడు పొటాషే, అదీ తెల్లది. వరికి చల్లే ఎర్ర పొటాష్ పూలకి పడదని నా అనుభవం. అంతే. ఇందులో ఆ కంపెనీవాళ్లు అమ్మే ఆకుపచ్చ డబ్బా ఎక్కడుందో ఎవరన్నా చూపించండి.

నేను బడికి పోలేదు. మీసాలు రాకముందే నందిగామలో ఎరువుల గోడౌనులో బస్తాలు మోసే పనికి పోయా. అప్పట్లో దాన్ని సీమ ఎరువు అనేవాళ్లు. భుజం మీద బస్తా ఉంటే దాని మీది అక్షరాలు సరిగ్గా కంటి పక్కనే ఉంటాయి. ఒకరోజు గుమాస్తాని, "అయ్యా, ఈ మొదటి అక్షరం ఏంటండి?" అని అడిగా. "నీకెందుకురా, మొయ్యి" అన్నాడు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. నా కోపం మాత్రం ఇంకా పోలేదు. మోస్తూనే నేర్చుకున్నా. బస్తాల మీద, పొట్లాల మీద, బస్సుల మీద, గోడల మీద, ఎక్కడ అచ్చు కనబడితే అక్కడ నిలబడి కూడబలుక్కుని నేర్చుకున్నా. అలా నేర్చుకున్నవాడికి అచ్చక్షరం అంటే ఎంత గురి ఉంటుందో కుర్చీలో కూర్చుని నేర్చుకున్నవాళ్లకి తెలియదు. అచ్చులో అబద్ధం ఉంటుందని నాకు నలభై ఏళ్లు వచ్చేదాకా తోచనే లేదు.

అందుకే ఊళ్లో కనబడినవాడికల్లా ఒకటే చెప్పేవాణ్ణి. కొట్టువాడు చెప్పాడని వెయ్యకండి, పక్కచేనువాడు వేశాడని వెయ్యకండి, చదివి వెయ్యండి. టీకొట్టు దగ్గర ఎవడన్నా ఎరువు బస్తా బండికేసుకుని ఆగితే దాని మీది రాత చదివించేదాకా వదిలేవాణ్ణి కాదు. "అదుగో, పరీక్ష పెట్టేవాడు వస్తున్నాడు" అని బండి స్టార్ట్ చేసుకుని పారిపోయేవాళ్లు. నా మాట విన్నది ఊరు మొత్తానికి ఒక్కతే. మా వీధి చివరింటి కోడలు. వరసకి నాకు కూతురవుతుంది, బాబాయ్ అంటుంది. పదో తరగతి చదివింది. భర్త లారీ మీద పోతే వారాల తరబడి రాడు, సేద్యమంతా తనదే. ఏ బస్తా తెచ్చుకున్నా గుమ్మంలో దించి, దాని చుట్టూ తిరిగి చదివి, "బాబాయ్, ఇందులో ఇది ఇంత శాతం అంటున్నాడు, మన నేలకి అంత అవసరమా?" అని వచ్చి అడిగేది. అడుగుతుంటే నాకు కడుపు నిండేది.

నిరుడు కార్తీకంలో నా తోట చక్కగా నిలబడి ఉంది. అప్పుడొచ్చాడు కంపెనీ మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో తాడుకి కార్డు. ఎవరు చెప్పారో ఏమో, నేరుగా నా చేలోకే వచ్చాడు. సాలు సాలూ తిరిగి ఫోటోలు తీశాడు. తర్వాత బండి పెట్టెలోంచి ఆకుపచ్చ డబ్బా ఒకటి తీశాడు. దాని నిండా నల్ల గుళికలంట.

"సార్, ఇది ఒక్కసారి పట్టుకోండి."

"ఎందుకయ్యా?"

"ఊరికే సార్, ఫోటోకి. చేతులు ఖాళీగా ఉంటే బాగోదు."

"నేనిది వెయ్యలేదు. మందా వేపపిండీ అని చెప్పా గదా."

"వేసినట్టు కాదు సార్. పట్టుకున్నట్టు."

పట్టుకున్నా. కండువా సర్దుకుని మరీ పట్టుకున్నా. డబ్బా నాకే ఇచ్చేసి పోయాడు. నేను సీలు కూడా తీయకుండా అటక మీద పడేశా.

వారం తిరక్కుండా నా చేను పక్కన షామియానా లేచింది. వత్సవాయి నుంచీ వీరులపాడు నుంచీ రైతుల్ని ఆటోల్లో తెచ్చారు. మైకు పెట్టారు, బిస్కట్ ప్యాకెట్లు పంచారు. నన్ను రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నేను మంద దగ్గర మొదలుపెట్టి తెల్ల పొటాష్ దాకా చెప్పా. వాళ్ల డబ్బా మాట ఎక్కడా ఎత్తలేదు. నేను దిగగానే కంపెనీ మనిషి మైకందుకున్నాడు. "విన్నారు గదండీ, పెద్దాయన నేల బలం గురించి ఎంత బాగా చెప్పారో. ఆ బలమంతా మన డబ్బాలో పెట్టాం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను చెప్పినదానికి కొట్టారో ఆయన అన్నదానికి కొట్టారో నాకు ఇప్పటికీ తెలియదు.

షామియానా విప్పుతూ బోర్డు పాతారు. రెండు ఇనుప కాళ్ల మీద రేకు బోర్డు. ఒక పక్క నేను, చేతిలో డబ్బా. రెండో పక్క, 'ఈ లిల్లీ తోట మా గుళికలతో పెరిగింది. అనుభవం గల రైతు మాట. ఎకరాకు రెండు డబ్బాలు.'

"ఇది అబద్ధం గదయ్యా" అన్నా.

"మీరు వేపపిండి వేశారు గదా సార్, మా దాంట్లో కూడా వేప ఉంది."

"ఉంటే?"

"అంటే ఒకటే గదా సార్. అయినా బోర్డుని అంత పట్టించుకోకండి. రెండు నెలల్లో ఎండకి వెలిసిపోద్ది."

వెలిసిపోలేదు. మంచి రంగు వేశారు. కార్తీకం నుంచి కార్తీకం దాకా అది నా గట్టు మీదే ఉంది. ఊళ్లోవాళ్ల ఎకసెక్కాలు ఇన్నీ అన్నీ కావు. "ఏం మావా, ఈసారి నామినేషన్ వేస్తున్నావా?" అనేవాడొకడు. "గుర్తు డబ్బా గుర్తే" అనేవాడింకొకడు. జగ్గయ్యపేట బస్సులో ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు, "మీరు బోర్డు మీదాయన గదండి" అని లేచి సీటిచ్చాడు. పీకేద్దామని చాలాసార్లు అనుకున్నా. కోతలూ దుంపల తవ్వకాలూ, పనుల్లో పడి కుదరలేదు. ఆఫీసుల్లో ఇలాగే చెప్పా, ఇక్కడా అలాగే రాస్తున్నా.

జ్యేష్ఠంలో మొదటి వాన పడ్డాక ఆ అమ్మాయి దుంపల కోసం నా చేనికొచ్చింది. వాళ్ల అత్త మిరప వెయ్యమంటే కాదని, ముప్పై సెంట్లలో లిల్లీ వేస్తానని పంతం పట్టి వచ్చింది. ఏరి ఏరి గట్టి దుంపలిచ్చా. డెకరేషన్ ఆయనకి కూడా నేనే చెప్పా, కార్తీకం పెళ్లిళ్లకి మా అమ్మాయి కాడలు కూడా వస్తాయని. వెళ్లేటప్పుడు అడిగా.

"ఎరువు సంగతి తెలుసుగా?"

"తెలుసు బాబాయ్. చదివా."

చదివా అంది. ఆ ఒక్క మాటకి నేను పొంగిపోయా. ఎక్కడ చదివావమ్మా అని అడగలేదు.

ఆమె చేను కాలవ అవతల, వత్సవాయి దారిలో. నా మోకాళ్లకి అంత దూరం లేదు. భాద్రపదంలో టీకొట్టు దగ్గర ఎవరో అన్నారు, "మీ అమ్మాయి లిల్లీ చూశావా మావా? నల్లగా నిగనిగలాడిపోతుంది. నీదేం పనికొస్తుంది దాని ముందు." ఆ నల్లగా అన్న మాట వినగానే నేను గ్లాసు కింద పెట్టి, ఎవడి బండైనా ఎక్కి ఆ చేనికి పోవాల్సింది. కాడ ఇంకా పొట్టలోనే ఉంది, అప్పుడైనా ఆపొచ్చు. నేనేం చేశానంటే, టీ తాగి ఇంటికెళ్లా. నాదేం పనికొస్తుంది అన్న ముక్క నాకు గుచ్చుకుంది, నల్లగా అన్న ముక్క గుచ్చుకోలేదు.

కార్తీకం రెండో వారంలో సన్న తుంపర, దానితో కాస్త గాలి. నా తోటలో రాలిన మొగ్గ లేదు. మర్నాడు పొద్దున నేనూ పూలు కోసే ఆవిడా సాళ్లలో ఉన్నాం. ఆ అమ్మాయి గట్టు మీద కనబడింది. రెండు చేతులా నిండుగా కాడలు, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని.

"బాబాయ్, ఇటు చూడు."

ఒక కాడని కింద కొసన రెండు వేళ్లతో పట్టుకుని చెయ్యి చాపింది. తల నేలకేసి వేలాడింది. అది పడేసి ఇంకోటి చాపింది. అదీ అంతే. మూడోది మధ్యలోకి మడత పడింది.

"చేనంతా ఇలాగే పడుకుంది" అంది. "డెకరేషన్ ఆయనకి ఫోన్ చేసి రావద్దని చెప్పేశా."

"ఏం వేశావే వీటికి?"

"నువ్వు వేసిందే."

"నేను వేసింది వేస్తే ఇలా ఎందుకవుతాయి?"

ఆమె గడ్డంతో బోర్డు చూపించింది. "అదుగో. ఎకరాకి రెండు డబ్బాలు. నాకు ఒకటి చాలు. కానీ కొట్టతను యూరియా కలిపి వేస్తేనే పనిచేస్తుందన్నాడు. కాడ పొట్టలో ఉండగా మళ్లీ ఒక డబ్బా, మళ్లీ యూరియా వెయ్యమన్నాడు. నువ్వూ అలాగే వేశావని చెప్పాడు."

"నేనసలు ఆ డబ్బా మూతే తీయలేదమ్మాయ్."

ఆమె బోర్డుకేసి చూసింది, నాకేసి చూసింది. "మరి చేతిలో ఉందే?"

"ఫోటోకి పట్టుకోమన్నారు."

"పట్టుకోమంటే పట్టుకున్నావా?"

పూలు కోసే ఆవిడ తల వంచుకుని కత్తికేసి చూసుకుంటుంది.

"కొట్టువాడు చెప్పాడని వెయ్యొద్దన్నావు. పక్కచేనువాడు వేశాడని వెయ్యొద్దన్నావు. చదివి వెయ్యమన్నావు." గొంతు పెంచలేదు, లెక్కలు అప్పజెప్పినట్టు చెప్పింది. "చదివే వేశా బాబాయ్."

ఆ కాడలన్నీ బోర్డు కాళ్ల దగ్గర పెట్టి వెళ్లిపోయింది.

ఆ పూటే గునపం తెచ్చి బోర్డు పీకా. సీలున్న డబ్బా అటక మీంచి దించి, చంకలో పెట్టుకుని వాళ్లింటికి పోయా. గుమ్మంలో నిలబడి, "చూడవే, సీలు చూడు" అన్నా. లోపల్నుంచి, "పనిలో ఉన్నా బాబాయ్" అంది. పావుగంట నిలబడ్డా. బయటికి రాలేదు. వీధిలో వచ్చేపోయేవాళ్లకి మళ్లీ నేనూ, నా చేతిలో డబ్బా.

అక్కణ్ణించి నా తిరుగుడు మొదలైంది. జగ్గయ్యపేటలో డబ్బాలమ్మే కొట్టుకి పోయా. "మీ బొమ్మ వేస్తే మీకేం నష్టమండి? మా బొమ్మ వెయ్యండి మొర్రో అని ఎంతమంది తిరుగుతున్నారో మీకు తెలియదు" అన్నాడు కొట్టతను. నేను వేశానని నీకెవరు చెప్పారయ్యా అంటే, "బోర్డు మీద ఉంది గదండి, నేను చెప్పేదేముంది?" అన్నాడు. అంటే ఆ బోర్డు కొట్టువాడికే సాక్ష్యమైపోయింది. అబద్ధం రాసినవాడు ఒకడు, దాన్ని చూపించి అమ్మేవాడు ఇంకొకడు, ఎవడికి వాడు శుభ్రంగా చేతులు కడుక్కున్నాడు.

నందిగామలో వ్యవసాయం ఆఫీసుకి పోయా. అక్కడ, "అది ప్రైవేటువాళ్ల బోర్డు, మీ సొంత గట్టు మీద పెట్టించుకున్నారు, మాకేం సంబంధం?" అన్నారు. పెట్టించుకోలేదు, పెట్టారు అన్నా. "వద్దని రాసిచ్చారా?" అని అడిగారు. ఎన్ని వేల బస్తాలు మోసి నేర్చుకున్న రాతో, రాయాల్సిన రోజున రాయలేదు.

కంపెనీకి మూడు ఉత్తరాలు రిజిస్టర్ పోస్టులో పంపా. నేను వేయలేదని మీరే ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపండి, ఆ అమ్మాయికి చూపించుకోవాలి అని రాశా. అంతకు మించి ఒక్క పైసా అడగలేదు. ఉత్తరానికి ఉత్తరం రాలేదు గానీ ఒకరోజు ఫోనొచ్చింది. ఎవరో ఆడపిల్ల, తేనెలాంటి గొంతు. "సార్, మా గుళికలు వాడినందుకు ధన్యవాదాలు సార్. మీ సంతృప్తిని ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి."

"నేను వాడలేదమ్మా."

"సరే సార్. ఒకటి నుంచి ఐదు లోపు చెప్పండి."

"వాడనిదానికి ఎంతని చెప్పను?"

"మూడు వేసుకుంటాను సార్" అని పెట్టేసింది. నా పేరు మీద ఎక్కడో ఒక చోట ఇప్పుడు మూడు ఉంది.

ఇదంతా ఒక ఎత్తు. పూలు కోసే ఆవిడ తెచ్చిన కబురు ఒక ఎత్తు. ఆవిడ మా ఇద్దరి చేలల్లోనూ పనిచేస్తుంది.

"మావా, అమ్మాయి ట్రాక్టర్ మాట్లాడింది. ఈ ఆదివారం దుంపలతో సహా దున్నించేసి మొక్కజొన్న వేస్తుందంట. లిల్లీ పేరెత్తితే అన్నం కూడా తినట్లేదు."

నా ఒళ్లు మండిపోయింది. ఆ దుంప ఏం పాపం చేసింది? లిల్లీ ఒకసారి వేస్తే మూడేళ్లుంటుంది. పడిపోయింది కాడే గాని, దుంప భూమిలో నిక్షేపంలా ఉంది. పడ్డ కాడల్ని మొదలంటా కోసేసి, యూరియా మూట ఆ చేను దరిదాపులకి రానీయకుండా, నీరు తగ్గించి, తెల్ల పొటాష్ ఇచ్చి ఓపిక పడితే తర్వాత లేచే కాడ నిలబడుతుంది. అది చెప్పాలంటే ఆమె వినాలి. వినాలంటే నా మాట మీద నమ్మకం ఉండాలి. దానికి గునపం దించింది కంపెనీవాళ్లు. నేను ఇంటికెళ్తే పనిలో ఉంటుంది, దారిలో ఎదురైతే కాలవ గట్టెక్కి పోతుంది.

అందుకని ఉత్తరం రాశా. నోట్‌బుక్కులోంచి చింపి నాలుగు పేజీలు. మంద దగ్గర్నుంచి పొటాష్ దాకా, ఏది ఎప్పుడు ఎంత వెయ్యాలో రాశా. ఇప్పుడు ఆ చేనికి ఏం చెయ్యాలో రాశా. బోర్డు రాసినవాళ్లనీ దాన్ని చూపించి అమ్మినవాణ్ణీ ఏమనాలో అదీ రాశా. నేను డబ్బా పట్టుకోవడం తప్పేనని కూడా రాశా. మడిచి పూలు కోసే ఆవిడ చేతికిచ్చా.

"వీధి చివరింటికి ఉత్తరమేంటి మావా? పోస్టాఫీసు పెట్టావా?" అంది.

"నోరు మూసుకుని ఇచ్చిరా."

"స్టాంపు అంటించలేదు. నాకేం ఇస్తావు?" అని నవ్వి, మళ్లీ నా మొహం చూసి నవ్వు ఆపుకుని పట్టుకెళ్లింది.

గురువారం పంపా. శుక్రవారం ఏమీ లేదు. శనివారం మధ్యాహ్నం దాకా నేను ట్రాక్టర్ చప్పుడు వినబడ్డప్పుడల్లా గుమ్మంలోకొచ్చి చూశా. మా ఊళ్లో ట్రాక్టర్లు తక్కువేం కాదు. సాయంత్రం పూలు కోసే ఆవిడ వచ్చి, కొంగుముడి విప్పి మడత కాగితం చేతిలో పెట్టింది. నా నాలుగో పేజీయే, వెనకవైపు రాసి పంపింది. ఇన్ని నెలల్లో నేను రాసినదానికి నాకొచ్చిన జవాబు ఇదొక్కటే. అక్షరం మార్చకుండా ఇక్కడ ఎత్తి రాస్తున్నా.

"బాబాయ్, నాలుగు పేజీలూ రెండుసార్లు చదివా. మంద ఎప్పుడో రాశావు, వేపపిండి ఎంతో రాశావు, పొటాష్ ఏదో రాశావు. కంపెనీవాళ్లు దొంగలని మూడుచోట్ల రాశావు, కొట్టతను దొంగని రెండుచోట్ల రాశావు. ఒక్కటి రాయలేదు. జ్యేష్ఠంలో వాన పడ్డ మర్నాడు పొద్దున నేను దుంపలకి వచ్చినప్పుడు నువ్వు వెంటనే నన్ను చూడలేదు. బోర్డు మీద బురద చిమ్మితే, కండువా తడుపుకొచ్చి నీ మొహం తుడుచుకుంటున్నావు. మొహం అయ్యాక చేతిలో డబ్బా కూడా తుడిచావు. అబద్ధమైతే ఇంత శ్రద్ధగా తుడవడులే అనుకుని ఆ సాయంత్రమే కొట్టుకి పోయి తెచ్చా. ట్రాక్టరతన్ని రేపు కాక పై ఆదివారం దాకా ఆగమన్నా. ఈలోపు ఆ ముక్క కూడా రాసి పంపించు. అప్పుడు మిగతా నాలుగు పేజీలూ నమ్ముతా."